అమ్మ చేతుల భాష

వినబడని పిల్లలకు అక్షరాలు నేర్పి, ఏదో ఒక చేతిపని చూపిస్తే చాలునని లోకం అనుకున్న రోజులవి. వారికి కళాశాల చదువు కూడా అందాలని పట్టుబట్టిన ఎడ్వర్డ్ మైనర్ గాలడెట్ జీవితాన్ని ఈ వారం జ్ఞాపకం చేసుకుందాము.

ఆయన 1837లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో పుట్టారు. తండ్రి థామస్ దైవసేవకుడు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన బధిర ఉపాధ్యాయుడు లారెంట్ క్లెర్క్‌తో కలిసి 1817లో అక్కడ బధిరుల పాఠశాలను ప్రారంభించారు. తల్లి సోఫియా పుట్టుకతోనే బధిరురాలు. పంతొమ్మిదేళ్లు వచ్చాకే ఆమెకు బడి దొరికింది. ఆ పాఠశాల తొలి విద్యార్థుల్లో ఆమె ఒకరు.

ఎనిమిది మంది పిల్లల్లో చివరివాడైన ఎడ్వర్డ్ అమ్మ సైగల మధ్యే పెరిగారు. చెవి వినకపోవడం వేరు, తెలివి లేకపోవడం వేరని ఆయనకు మరెవరూ నేర్పనక్కరలేకపోయింది.

పద్నాలుగేళ్లకే తండ్రిని పోగొట్టుకుని, కొంతకాలం బ్యాంకులో పనిచేసి, తరువాత తండ్రి స్థాపించిన పాఠశాలలోనే బోధించారు. 1857లో, ఇరవై ఏళ్ల వయసులో, వాషింగ్టన్‌లో ఏమోస్ కెండల్ ఇచ్చిన స్థలంలో నెలకొన్న పాఠశాలకు అధిపతిగా వెళ్లారు. తల్లి కూడా వెంట వెళ్లి మేట్రన్‌గా పిల్లలను చూసుకున్నారు.

అంతర్యుద్ధం జరుగుతుండగానే ఆయన ఆ సంస్థకు డిగ్రీలు ఇచ్చే అధికారం కోరారు. 1864 ఏప్రిల్ 8న అధ్యక్షుడు లింకన్ ఆ చట్టంపై సంతకం చేశారు. 1869లో ముగ్గురు పట్టభద్రులై బయటికి వచ్చారు.

అసలు పరీక్ష తరువాత వచ్చింది. 1880లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన మహాసభ, బధిరులకు సైగలు మాని నోటిమాటతోనే బోధించాలని తీర్మానించింది. నూట అరవై మందికి పైగా వచ్చిన ఆ సభలో బధిర ప్రతినిధి ఒక్కరే. గాలడెట్ ఆ తీర్మానాన్ని వ్యతిరేకించి ఓడిపోయారు. అయినా తన కళాశాలలో సైగలను విడువలేదు. మాట నేర్పడానికి ఆయన విరోధి కారు. చేతుల భాషను లాగేసుకుంటే చదువే పోతుందని ఎరిగినవారు.

ఆయనలో లోపం లేకపోలేదు. 1891లో ఆ కళాశాలలో ఉపాధ్యాయ శిక్షణ విభాగం తెరిచినప్పుడు బధిరులకు అందులో చోటు ఇవ్వలేదు. 1917లో ఆయన మరణించారు. విద్యార్థులు పోరాడితే గాని ఆ సంస్థకు బధిరుడైన అధ్యక్షుడు రాలేదు. అది 1988లో! మేలు చేసేవారు కూడా ఎవరికోసం చేస్తున్నారో వారిని పక్కన కూర్చోబెట్టుకోవడం మరచిపోగలరు.

ప్రియ చదువరులారా, మన దేశంలో 2016 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో వికలాంగులకు కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలి. సీటు దొరికితే తలుపు తెరుచుకున్నట్టే. కాని అధ్యాపకుడు బోర్డువైపు తిరిగి చెప్పే పాఠం, పెదవుల కదలికను చూసి అర్థం చేసుకునే విద్యార్థికి ఎలా అందుతుంది? సైగల్లో చెప్పేవారు, నోట్సు రాసిచ్చే స్నేహితుడు లేకపోతే ఆ బిడ్డ తరగతిలో ఉండీ లేనట్టే.

మన ప్రభువు చెవిటివానిని జనసమూహంలో నుంచి పక్కకు తీసుకువెళ్లి, అతని చెవులను, నాలుకను తాకాడు. అతనికి అర్థమయ్యే విధంగా అతనితో వ్యవహరించాడు. మన సంఘంలో ఇంటర్ పూర్తిచేసిన బధిర యువతీయువకులు ఉంటే, వారికోసం ప్రార్థించడంతో ఆగిపోవద్దు. ఏమి కావాలో ముందు వారినే అడుగుదాము. యౌవనస్థులు ఇద్దరు సైగల భాష నేర్చుకోవచ్చు, ఒకరు నోట్సు రాసిపెట్టవచ్చు, సంఘం దుబాసీ ఖర్చు భరించవచ్చు. ఒక తల్లి చేతుల నుంచి ఆమె కుమారుడు నేర్చుకున్నది, మనమూ నేర్చుకోగలము.