బళ్ళారి రాఘవ

ఏప్రిల్ 16వ తేది ఆంధ్రులకు రెండు విధముల స్మరణీయమైనది. 1848లో ఆ దినమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున జన్మించిరి. 1946లో ఆ దినముననే బళ్ళారి రాఘవగారు కీర్తిశేషులైరి. పంతులుగారి జయంతిని తెలుగు నాటకరంగ దినోత్సవముగా జరుపుట నేడు ఆచారమైనది. ఆ దినము సమీపించుకొలది నాటకసమాజముల వారికి ఊపిరి సలుపదు. చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభ బర్కత్‌పుర, నారాయణగూడ, అశోకనగర వాసులకు నడచిపోదగిన దూరముననే యున్నది. 1961లో నెలకొన్న రవీంద్రభారతియు మిక్కిలి దూరము కాదు. రానున్న కాలమున ఏయే నాటకములాడవలెను, ఎన్ని యాడవలెను అను చర్చ సహజమే. కాని ఎవరాడవలెను, ఎట్లు సిద్ధపడవలెను, చూచువారి ధర్మమేమి యను ప్రశ్నలు అంతకంటె ముఖ్యములని మా యభిప్రాయము. వీనికి రాఘవగారి జీవితమే సమాధానము.

తాడిపత్రి రాఘవాచార్యులుగారు 1880 ఆగస్టు 2వ తేదిని తాడిపత్రిలో జన్మించిరి. ఆ సంవత్సరముననే వీరేశలింగముగారు తమ శిష్యులచేత వ్యవహార ధర్మబోధినిని రాజమహేంద్రవరమున ఆడించిరి. ఆధునికాంధ్ర నాటక ప్రదర్శనములకు దానినే నాందిగా పలువురు పరిగణింతురు. న్యాయస్థానములలోని అక్రమములను, వకీళ్ల వంచనలను ఎండగట్టిన ప్రహసనమది. తెలుగు నాటకము వకీలును పరిహసించుచు రంగమెక్కిన యేడు పుట్టిన శిశువు, పెరిగి తానును వకీలై, ఆ నాటకరంగమునకే తలమానికమగుట విధివిలాసము.

రాఘవగారి మేనమామ ఆంధ్ర నాటక పితామహుడని కీర్తిగన్న ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు. వారు బళ్ళారిలో సరసవినోదినీ సభను నెలకొల్పి, చిత్రనళీయము మొదలుగా అనేక నాటకములను రచించి ప్రదర్శించిరి. విషాదాంత నాటకము మన సంప్రదాయమునకు పొసగదని పండితులు వాదించుచున్న కాలమున విషాద సారంగధరను రచించి మెప్పించిన ధీరులు. ఆ యూరనే కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమ సభ చారిత్రక నాటకములకు ఆటపట్టయ్యెను. ఇరువురును న్యాయవాదులే. పట్టణమున ఇద్దరు నాటకకర్తలు, రెండు సమాజములు పోటీపడుచుండ, వారి నడుమ పెరిగిన బాలునకు వేరు పాఠశాల యేల? రాఘవగారు బాల్యముననే రంగమెక్కిరి. పిదప చెన్నపురి క్రైస్తవ కళాశాలలో చదివి, న్యాయశాస్త్ర పట్టము పొంది, బళ్ళారిలో వృత్తి నారంభించిరి. క్రిమినలు వ్యాజ్యములలో గట్టివాడని పేరొందిరి. పబ్లిక్ ప్రాసిక్యూటరుగ పనిచేసిరి.

నాటకము వారికి జీవనోపాధి కాదు. వేషముచే గడించిన ధనమును ఇల్లు చేర్చుకొనక, ప్రజోపయోగ కార్యములకు సమర్పించుటయే వారికి పరిపాటి. అట్లని దానిని తీరికవేళల వినోదముగా వారెన్నడును తలపలేదు. వ్యాజ్యమునకు కాగితములు చదివినంత శ్రద్ధతో పాత్రను చదివిరి. హిరణ్యకశిపుడు, హరిశ్చంద్రుడు, దుర్యోధనుడు, కోలాచలమువారి రామరాజు నాటకమందలి పఠాన్ రుస్తుము, గురజాడవారి గిరీశము, ఇన్ని భిన్నప్రకృతులు ఒక్క దేహమున ఇమిడినవి. తెలుగుననే గాక కన్నడ, హిందీ, ఆంగ్ల నాటకములందును వారు నటించిరి.

వారు తెచ్చిన మార్పు విలువ తెలియవలెనన్న నాటి రంగస్థల స్థితిని స్మరింపవలెను. మేనమామ నాటకములలో పాటలను పద్యములను కూర్చి ప్రజలను రంజింపజేసిరి. కాలక్రమమున ఆ మేలే కీడుగా పరిణమించెను. కుమారుని శవము నెదుట చంద్రమతి విలపించు వేళనైనను నటుడు హార్మోనియము వంక చూచి, రాగమెత్తి, సభవారు కేకలు వేసినచో ఆ పద్యమునే మరల మరల పాడుట మర్యాదయైపోయెను. రాఘవగారు ఈ పద్ధతిని త్రోసిపుచ్చిరి. పద్యమును భావము చెడకుండ మాటవలె పలికిరి. చూపుచేత, మౌనముచేత, నడకచేత రసమును పోషించిరి. మేనమామ నాటిన తీగను మేనల్లుడు కత్తిరించుట కృతఘ్నత కాదు. తీగ పందిరిని మించినపుడు కత్తిరించుటయే తోటమాలి ధర్మము.

ఇంతకంటె కఠినమైన సంస్కరణము మరియొకటి కలదు. స్త్రీపాత్రలను పురుషులే ధరించుట నాటి ఔత్సాహిక సమాజముల నియమము. ఆ విద్యయందు స్థానము నరసింహారావుగారివంటి మహానటులు ఆంధ్రమున వెలసిరి. వారి ప్రతిభను మేము తక్కువ సేయము. 1885లో కడపమండలపు సురభి గ్రామమున పుట్టిన సురభివారి కుటుంబములలో స్త్రీలు తరతరములుగ స్త్రీపాత్రలను ధరించుచునే యుండిరి. వారి యాటను పట్టణపు పెద్దలు టిక్కెట్టు కొని చూచి మెచ్చుకొనిరి. కాని తమ యింటి ఆడువారు అదే రంగమెక్కుట యన్నచో కులమర్యాద చెడునని వెనుకాడిరి. కళ గొప్పది, కళాకారిణి మాత్రము తక్కువది యను ఈ ద్వంద్వమును రాఘవగారు సహింపరైరి. కుటుంబస్త్రీలు, చదువుకొన్నవారు రంగమునకు రావలెనని ప్రబోధించి, కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని, కాకర్ల అన్నపూర్ణ మొదలగు వారిని ప్రోత్సహించి తమతో నటింపజేసిరి. పాకాల వెంకట రాజమన్నారుగారు రచించిన తప్పెవరిది యను సాంఘిక నాటకమును రాఘవగారు ప్రదర్శించుట ఈ ప్రయత్నమున నొక మైలురాయి. ఆ రాజమన్నారుగారే తరువాత మదరాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తియై, కేంద్ర సంగీత నాటక అకాడమీకి ప్రథమాధ్యక్షులైరి. గౌరవస్థులకు నాటకము తగదను మాటకు ఇంతకుమించిన ప్రత్యుత్తరము వేరేమి కావలెను?

రాఘవగారి దృష్టి బళ్ళారి పొలిమేరలతో ఆగలేదు. 1920 దశకమున వారు ఇంగ్లండునకు పోయి అచ్చటి రంగస్థలములను పరిశీలించి, బెర్నార్డు షా మొదలగు వారిని కలిసికొనిరి. దీనబంధు కబీరు హిందీ నాటకమును మహాత్మాగాంధి చూచి సంతసించిరి. చలనచిత్రములు వచ్చిన పిదప 1936లో ద్రౌపదీ మానసంరక్షణమునందును, 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారి రైతుబిడ్డయందును, 1940లో చండికయందును వారు నటించిరి. వీనిలో రైతుబిడ్డ జమీందారీ పీడనమును బట్టబయలు చేసి కొందరు జమీందారుల ఆగ్రహమునకు గురియయ్యెను. ఆరుపదుల వయసు సమీపించిన వేళ, పేరును సంపదయు గల న్యాయవాది అట్టి చిత్రమున రైతు పక్షమున నిలుచుట సామాన్య విషయము కాదు. అయినను వారి హృదయము తెరపై గాక రంగముపైననే నిలిచెను.

వారు గతించిన ఏడేండ్లకు, 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు బళ్ళారి మైసూరు పాలయ్యెను. పటమున ఊరు మారినను రాఘవగారు ఇరుభాషలవారికిని సొంతమై నిలిచిరి. బళ్ళారిలో కన్నడిగులు, తెలుగులు రాఘవ కళామందిరమును తమదిగానే భావింతురు. 1981లో భారత ప్రభుత్వము వారి స్మృతిచిహ్నముగా తపాలాబిళ్ల వెలువరించెను. ఇవి సంతోషకరములే. కాని తపాలాబిళ్లతోను, పూలదండతోను తీరు ఋణము కాదిది.

రాఘవగారి యొరవడిని నేటి సమాజముల వారెంతవరకు అనుసరించుచున్నారో ఆత్మపరీక్ష చేసికొనవలెను. సంవత్సరమున పది నాటకములను పైపైన ఆడుటకంటె మూడింటిని క్షుణ్ణముగ అభ్యసించి ఆడుట మేలు. తెర లేచువరకు సంభాషణలు వల్లించుచు, రంగముపై తెరవెనుకవాని మాటకై చెవియొగ్గు నటుడు ఎంత ప్రతిభావంతుడైనను రసపోషణము చేయజాలడు. నటికి వేదికపై చప్పట్లిచ్చి, వెలుపల చులకనగా మాటలాడు రోగము ఇంకను పూర్తిగ కుదురలేదు. మన యిండ్లలోని యువతీయువకులు అభ్యాసములకు పోవుదుమన్నపుడు చదువు చెడునని అడ్డుపడు తల్లిదండ్రులు, చదువును వృత్తిని విడువకయే మహానటుడైన ఈ న్యాయవాదిని ఒక్కసారి తలచుకొందురు గాక.

ప్రేక్షకులకును ధర్మము కలదు. ఉచిత ప్రవేశమున్న నాటకమునకు ఆలస్యముగ వచ్చి, నడుమ లేచిపోవువారే నాటకము క్షీణించినదని వాపోవుట తరచు వినబడుచున్నది. మండువేసవిలో పొలమునకు నీరు పెట్టనివాడు పంట రాలేదని భూమిని నిందించుట ఎట్టిదో ఇదియు నట్టిదే. భాగ్యవంతులైన గృహస్థులు వివాహమున ఒక్కపూట దీపాలంకరణమునకు వెచ్చించు ధనమున కొంత చాలును, ఒక సమాజము మంచి నాటకము నభ్యసించి రంగమెక్కించుటకు. రాఘవగారు తమ సంపాదనను, ఆయువును రంగమునకు ధారవోసిరి. మనలను కోరునది ఒక టిక్కెట్టు, ఒక సాయంకాలము, నటీనటులయెడ కొంత గౌరవము మాత్రమే. రానున్న నాటకముల కాలమున ఈ మూడింటిని మన పట్టణవాసులు లోభింపక ఒసగుదురని మేము ఆశించుచున్నాము.