పొయ్యి చుట్టూ గోడ కట్టిన దొర

కిందటి కార్తీకంలో మా స్నానాలగది గీజరు కారడం మొదలెట్టింది. బాగుచేసే అబ్బాయి వచ్చి చూసి, లోపలి ట్యాంకు తుప్పుపట్టింది, కొత్తది కొనుక్కోవడమే మేలని తేల్చేశాడు. దుకాణంలో రెండు గీజర్లు చూపించారు. చూడ్డానికి కవలపిల్లల్లా ఉన్నాయి. ఒకదాని చీటీ మీద అయిదు నక్షత్రాలు, ఇంకోదాని మీద తక్కువ. అయిదు నక్షత్రాల దాని ధర ఎక్కువ. నక్షత్రాలకి కూడా డబ్బులు పోయాలా అని మావారి గొణుగుడు.

కాగిన నీళ్లు వాడకుండా ఉంచితే ఒక రోజులో ఎంత వేడి పోతుందో లెక్కగట్టి ఆ నక్షత్రాలు ఇస్తారట. ట్యాంకుకీ పై రేకుకీ మధ్య నురుగులాంటి పదార్థం దట్టంగా కూరి ఉంటే వేడి తొందరగా పోదు. ఆ మాట వినగానే నాకు కౌంట్ రంఫర్డ్ గుర్తొచ్చాడు. డిగ్రీలో ఫిరంగి గొట్టం తొలిచే ప్రయోగం దగ్గర ఆయన పేరు బట్టీపట్టాను. ఆయన జన్మంతా పొయ్యిలతో గడిచిందని మాత్రం మా పాఠంలో లేదు. అది ఈమధ్యే చదువుకున్నాను.

అసలు పేరు బెంజమిన్ థాంప్సన్. 1753లో అమెరికాలో, మసాచుసెట్స్‌లోని వోబర్న్‌లో పుట్టాడు. పసితనంలోనే తండ్రి పోయాడు. పదమూడో ఏట కొట్లో పనికి చేరాడు. 1772లో, 19 ఏళ్ల వయసులో, తనకంటే పదేళ్లకు పైగా పెద్దదైన సారా రోల్ఫ్ అనే సంపన్న వితంతువుని పెళ్లాడాడు. రెండేళ్లకి కూతురు పుట్టింది. తల్లి పేరే పెట్టారు. ఈలోగా అమెరికా స్వాతంత్ర్య పోరాటం రాజుకుంది. ఈయన ఇంగ్లండు రాజు పక్షం. భార్యనీ చంటిదాన్నీ వదిలి ఓడెక్కేశాడు. ఆ ఇల్లాలిని మళ్లీ కళ్లజూడలేదు. ఆమె 1792లో కన్నుమూసింది. ఇక్కడికి వచ్చేసరికి నాకు పుస్తకం మూసేయాలనిపించింది. కానీ పొయ్యిల సంగతి ముందుంది కదా, చదివాను.

ఇంగ్లండులో సర్ బిరుదు పుచ్చుకుని బవేరియా పాలకుడి కొలువులో చేరాడు. 1790 జనవరి 1న మ్యూనిక్ వీధుల్లో బిచ్చగాళ్లందర్నీ పట్టించి పనిశాలలో పెట్టించాడు. వాళ్ల ఇష్టాయిష్టాలు ఎవరూ అడగలేదనుకోండి. పని చేయించుకున్నాక కడుపు నింపాలిగా! బార్లీ, బఠాణీలు, బంగాళాదుంపలు ఉడకబెట్టి చిక్కటి జావ పోయించేవాడు. దినుసులు చవకే, కట్టెల ఖర్చే బరువు. అప్పట్లో అక్కడి వంటంతా తెరిచిన మంట మీదే. వేడిలో చాలా భాగం గిన్నెకి అందకుండా పొగగొట్టంలోకీ వంటవాళ్ల మొహాల మీదకీ పోయేది. మన పెళ్లిళ్ల గాడిపొయ్యి దగ్గర నిలబడ్డవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఆయన మంట చుట్టూ ఇటుక గోడ కట్టించాడు. ఒక్కో పాత్రకి ఒక్కో చిన్న పొయ్యి. పాత్ర ఇటుకల మధ్య గుంటలో సగం దిగి కూర్చునేది. కింద గాలి దూరే కన్నం, దాన్ని తగ్గించి పెంచే ఏర్పాటు. ఎంత కావాలో అంతే మంట.

మా అత్తవారింటి పెరట్లో కూడా ఒకప్పుడు మూడు రాళ్ల మీద కాగు ఉండేది. అత్తయ్యగారు తెల్లారకముందే ఊదుగొట్టం పట్టుకుని కళ్లు తుడుచుకుంటూ కూర్చునేవారట. తర్వాత రాగి బాయిలరు కొన్నారు. నడిమధ్య గొట్టంలో మంట, చుట్టూరా నీళ్లు. కాగు కింద ఓ మోపు తగలేస్తే, దానికి గుప్పెడు చిదుగులూ రెండు కొబ్బరి మట్టలూ చాలేవని ఇప్పటికీ మురిసిపోతూ చెబుతారు.

సైనికుల దుస్తుల కోసం ఉన్నీ, పట్టు, నూలు, బొచ్చు అన్నీ పరీక్షించాడు రంఫర్డ్. పోగుల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలే వేడిని ఆపుతుందని గ్రహించాడు. గీజరులో నురుగు చేసే పనీ అదే. అదనపు డబ్బు ఎందుకో మావారికి ఈ ఉదాహరణతోనే నచ్చజెప్పాను.

బవేరియాలోనే కౌంట్ బిరుదు వచ్చింది. ఆ బిరుదుకి ఆయన ఎంచుకున్న పేరు రంఫర్డ్. వదిలేసి వచ్చిన భార్య ఊరు కాంకర్డ్‌కి పాత పేరు అది!

1795లో లండన్ తిరిగొచ్చి అక్కడి ఇళ్లల్లో చలిమంట గూళ్ల మీద పడ్డాడు. గూడు లోతు తగ్గించి, పక్కగోడలు ఏటవాలు చేసి, పొగ వెళ్లే గొంతు ఇరుకు చేశాడు. పొగ పైకి, వేడి గదిలోకి. పెద్దిళ్లలో అదో ఫ్యాషనైపోయింది. జేన్ ఆస్టిన్ నవలలో కూడా రంఫర్డ్ గూడు కనిపిస్తుంది. ఫిరంగి తొలిచే రాపిడితోనే రెండున్నర గంటల్లో నీళ్లు మరిగించి, వేడి అంటే పదార్థం కాదు, కదలిక అని 1798లో ప్రకటించాడు. 1799లో లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ స్థాపనకి ముందు నిలిచాడు.

1805లో పారిస్‌లో రెండో పెళ్లి. ఆమె సామాన్యురాలు కాదు, మరీ ఆన్. శాస్త్రవేత్త లవోయిజర్ భార్య, ప్రయోగశాలలో ఆయన కుడిచెయ్యి. 1794లో ఆయన్ని గిలొటిన్ ఎక్కించారు. రెండో పెళ్లయినా ఆమె లవోయిజర్ పేరు వదులుకోలేదు. ఆమెకి ఇంటినిండా అతిథులుండాలి, ఈయనకి నిశ్శబ్దం కావాలి. ఓసారి అతిథులు రాకుండా గేటుకి తాళం వేయించాడు. ఆమె మరిగే నీళ్లు తీసుకెళ్లి ఆయన ప్రాణంగా పెంచుకున్న పూలమొక్కల మీద పోసింది. ఈ సంగతి కూతురికి ఆయనే ఉత్తరంలో రాసుకున్నాడు. పాపం మొక్కలేం చేశాయి గానీ, నాకు నవ్వొచ్చింది. 1809లో విడిపోయారు. 1814లో పారిస్ దగ్గర ఒతేయ్‌లో పోయాడు.

కొత్త గీజరు బిగించేటప్పుడు ప్లంబరు సులువని చూసుకుని వంటింటి అటక పక్కన పెడతానన్నాడు. నేను ఒప్పుకోలేదు. అంత దూరం పైపులో నిలిచిపోయిన వేడినీళ్లు రోజూ చల్లారిపోవాల్సిందేగా! కుళాయికి దగ్గరి గోడకే బిగించాడు.

సాయంత్రం అత్తయ్యగారికి ఈ కథంతా చెప్పాను. పొయ్యి సంగతులు ఊ కొడుతూ విన్నారు గానీ, మొదటి భార్య గురించి రెండుసార్లు అడిగారు. కూతురు పెద్దదయ్యాక 1796లో తండ్రి దగ్గరికి వెళ్లిందనీ, చివరికి కాంకర్డ్‌కే తిరిగొచ్చి 1852లో పోయిందనీ, తల్లిలేని పేద ఆడపిల్లల ఆశ్రమం కోసం ఆస్తి రాసిచ్చిందనీ చెప్పాను. ఆ ఆశ్రమానికి తల్లి ఇంటిపేరు, తండ్రి బిరుదు రెండూ కలిపి రోల్ఫ్ అండ్ రంఫర్డ్ అని పెట్టారు. ముందు తల్లి పేరేనా అని మళ్లీ అడిగి నిర్ధారించుకున్నారావిడ. తర్వాత లేచి, పెరట్లో మూలనున్న రాగి బాయిలరు పాతసామాన్లవాడికి ఇవ్వొద్దని చెప్పి, చింతపండు నానబెట్టారు.