నటనకు గురువు: బళ్లారి రాఘవ

కవి గతించినను కావ్యము మిగులును. శిల్పి గతించినను శిల మిగులును. నటుని సంగతి అట్టిది కాదు. తెర దిగిన మరుక్షణమున అతని సృష్టి అంతయు ప్రేక్షకుల జ్ఞాపకములోనికి పోవును; ఆ ప్రేక్షకులు గతించిన పిదప అదియు ఉండదు. కావున గొప్ప నటుని జీవితమును వ్రాయబూనినవారు అతడు ఎట్లు నటించెనో వర్ణించుటకన్న, ఇతరులకు ఏమి నేర్పెనో చెప్పుట మేలు. బళ్లారి రాఘవగారు కన్నుమూసినది 1946లో. ఆయన అభినయమును రంగస్థలముమీద కన్నులార చూచినవారు నేడు దాదాపు లేరనియే చెప్పవలెను. కాని తోడి నటులకును శిష్యులకును ఆయన నేర్పిన పాఠము, బడిలో వార్షికోత్సవమునకు నాటకము వేయించు ప్రతి ఉపాధ్యాయునికిని నేటికిని అక్కరకు వచ్చునదే.

మా చిత్తూరు సీమలో నాటకమనగానే తలపునకు వచ్చునది భారతము. పూతలపట్టు మొదలుకొని ఈ ప్రాంతపు పల్లెలలో ఎండకాలము వచ్చినదన్న ధర్మరాజుల గుళ్ల యొద్ద ఉత్సవము సాగును. పగలు భారతము హరికథగా వినిపింతురు. రాత్రి దానినే వీథినాటకముగా ఆడుదురు. అర్జునుడు తపసు మాను ఎక్కును. కడపటి దినమున నేలమీద మట్టితో తీర్చిన దుర్యోధనుని నిలువెత్తు రూపమును మించిన విగ్రహమునొద్ద వధ జరుగును. మైకులు లేని కాలమున తెల్లవార్లు వేలమందికి వినబడునట్లు పాడి, పలికి, ఆడిన వేషగాండ్ర గొంతులు తరతరముల సాధనకు ఫలములు. వానిని చిన్నచూపు చూచుట తగదు.

అయితే మనము బడులలో పిల్లలచేత దుర్యోధనుని వేషము వేయించునపుడు ఆ వేషగాని బిగ్గరతనమును మాత్రము తీసికొని, దాని వెనుకనున్న సాధనను విడిచిపెట్టుచున్నాము. పిల్లవాడు అరచును, గొంతు బొంగురుపోవును, చప్పట్లు మ్రోగును. మరునాడు ఆ మాటలకు అర్థమేమని అడిగినచో తెల్లబోవును. అతడు నేర్చినదేమి? ఈ ప్రశ్నను తెలుగు రంగస్థలముమీద అందరికన్న గట్టిగా అడిగిన మహనీయుడు రాఘవగారు.

తాడిపత్రి రాఘవాచార్యులుగారు 1880వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన తాడిపత్రిలో జన్మించిరి. తండ్రి నరసింహాచార్యులుగారు, తల్లి శేషమ్మగారు. తండ్రిగారు బళ్లారిలో తెలుగు పండితులు. కావున ఊరు తాడిపత్రి అయినను పేరు మాత్రము బళ్లారితో ముడివడిపోయినది. అప్పటికి బళ్లారి మదరాసు రాజధానిలోనిది. 1953లో అది మైసూరు రాష్ట్రమున చేరినది. తెలుగును కన్నడమును ఒకే వీథిలో వినవచ్చు పట్టణమది. రాఘవగారు రెండు భాషలలోను, వానికి తోడు ఇంగ్లీషు, హిందీ భాషలలోను నటింపగలుగుటకు ఆ ఊరి గాలియే తొలి కారణమనవచ్చును.

ఆనాటి బళ్లారిలో ఇద్దరు న్యాయవాదులు రెండు నాటక సమాజములకు ప్రాణముగా నుండిరి. ఒకరు ఆంధ్ర నాటక పితామహులని పేరుగాంచిన ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు; ఆయనది సరసవినోదినీ సభ. ఇంకొకరు చారిత్రక నాటకములకు ఆద్యులని చెప్పదగిన కోలాచలము శ్రీనివాసరావుగారు. ఆయనది సుమనోరమ సభ. ధర్మవరమువారు రాఘవగారికి స్వయముగా మేనమామ. పద్యములకు రాగములు కూర్చి, పాటలు చేర్చి, తెలుగు నాటకమునకు ఒక రూపు తెచ్చినవారాయన. విషాదాంత నాటకములను రంగస్థలమునకు ఎక్కించు సాహసము చేసి, విషాద సారంగధరమును రచించినదియు ఆయనే. మేనల్లుడు ఆ ఇంటి నీడలోనే నాటకమును చూచి పెరిగెను.

బాల్యముననే రాఘవగారికి షేక్‌స్పియరు నాటకములు చేతికి చిక్కినవి. బళ్లారిలో తోటివారిని కూర్చుకొని షేక్‌స్పియరు క్లబ్బును స్థాపించి, ఆ నాటకములను ఇంగ్లీషులోనే ఆడించిరి. పిమ్మట మదరాసు క్రైస్తవ కళాశాలలో పట్టము పొంది, న్యాయశాస్త్రము చదివి, బళ్లారిలో వకీలుగా స్థిరపడిరి. నేర విచారణలలో ఆయన వాదమునకు గొప్ప పేరు వచ్చినది. ప్రభుత్వ పక్షమున పబ్లిక్ ప్రాసిక్యూటరుగాను పనిచేసిరి. న్యాయస్థానమును ఆయన రెండవ నాటకశాల అనుట అతిశయోక్తి కాదు. అక్కడ అరచినవాని మాట చెల్లదు. ఏ మాటను ఒత్తి పలుకవలెనో, ఎక్కడ ఆగవలెనో, ఎదుటివాడు చెప్పునది ఎట్లు వినవలెనో తెలిసినవాని మాటయే చెల్లును. వకీలునకు పనికివచ్చు ఈ మూడు గుణములే నటునకును మూలధనములు.

వకీలు వృత్తిలో సంపాదన ఉండుటచేత ఆయనకు నాటకము జీవనోపాధి కాలేదు. ఆ కాలమున నాటకము వేయువారన్న సంఘమున గౌరవము తక్కువ. పేరుమోసిన వకీలు ముఖమునకు రంగు పూసికొని నిలుచుట పలువురకు వింతగా తోచినది. ఆయన మాత్రము ధనము ఆశింపక, విద్యాలయములకును ధర్మకార్యములకును సహాయముగా ఊరూర నటించిరి. కోలాచలమువారి విజయనగర పతన నాటకమున పఠాను రుస్తుము, ప్రహ్లాద నాటకమున హిరణ్యకశిపుడు, చంద్రగుప్తమున చాణక్యుడు, ఇంకను హరిశ్చంద్రుడు ఆయనకు కీర్తి తెచ్చిన పాత్రలలో కొన్ని.

కీర్తి వచ్చిన తరువాతనే అసలు పరీక్ష వచ్చినది. ఆనాటి ప్రేక్షకుడు పద్యము కొరకు నాటకమునకు వచ్చుచుండెను. రాజు మరణశయ్యపైనున్నను రాగమెత్తి పద్యము పాడవలసినదే. సభ కోరినచో చచ్చినవాడు లేచి మరల పాడవలసినదే. ఈ పద్ధతికి పునాది వేసినవారిలో తన మేనమామయే ముఖ్యుడు. మేనమామయందు భక్తి ఒకవైపు, తాను నమ్మిన సత్యమొకవైపు. రాఘవగారు రెండవదానిని ఎన్నుకొనిరి. పద్యములను తగ్గించి, రాగాలాపనను మాని, ఉన్న పద్యమును కూడ మాటవలె భావము తెలియునట్లు పలుకసాగిరి. మేనమామ నాటకములను విడువలేదు. వానిలోని పాత్రలకు మనుష్య హృదయమును వెదకిరి. ప్రహ్లాద నాటకమున హిరణ్యకశిపుడు మీసము మెలివేసి కేకలు పెట్టు రక్కసుడు మాత్రమే అయినచో, కొడుకుమీది మమకారమునకు తావెక్కడ? తండ్రిప్రేమకును అహంకారమునకును నడుమ నలుగువాడు కావుననే ఆ పాత్ర మనలను కదలించును. రాఘవగారి అభినయమునకు ఇదియే కీలకము.

ఇక ఆయన బోధన సంగతి. ఆయన పాఠశాల పెట్టలేదు, శాస్త్రగ్రంథము వ్రాయలేదు. దేశమున నటనకు జాతీయ నాటక విద్యాలయము ఏర్పడినది 1959లో. మన తెలుగు విశ్వవిద్యాలయము వెలసినది 1985లో. రాఘవగారి కాలమున నటన నేర్వదలచినవానికి గురువు ఇల్లును, సాధనలు జరుగు గదియు, రంగస్థలమునే బడులు. ఆయన పలు పట్టణములకు పోయి, అక్కడి ఔత్సాహికులను చేర్చుకొని, వారితో కలిసి నటించెడివారు. ప్రక్కన నిలిచి నటించుటయే ఆయన నేర్పిన తీరు.

ఆయన మార్గమునుండి మనము గ్రహింపదగిన సూత్రములు మూడు కనబడుచున్నవి. మొదటిది: పాత్ర ఆ మాట ఎందుకు పలుకుచున్నదో తెలియక నటుడు నోరు తెరవరాదు. రెండవది: గొంతు భావమునకు సేవకుడే గాని యజమాని కాదు. పెద్దగా పలుకుట వేరు, స్పష్టముగా పలుకుట వేరు. ఊపిరి నిండుగా తీసికొని, పెదవులును నాలుకయు చక్కగా కదలించి పలికినచో మెల్లని మాటయు కడపటి వరుసకు చేరును. మూడవది: తన మాట అయిపోగానే నటుని పని అయిపోదు. ఎదుటి పాత్ర పలుకునపుడు వినుట, ఆ మాట తనలో కలిగించిన మార్పును ముఖమున చూపుట నటనలో సగపాలు. పద్యము పాడి ప్రక్కకు తిరిగి సోడా త్రాగు నటుడు ఈ సగపాలును పారవేసినవాడే.

ఈ బోధనకు మరియొక ముఖమున్నది. ఆనాడు స్త్రీ పాత్రలను పురుషులే ధరించెడివారు. స్థానము నరసింహారావుగారివంటి మహానటులు ఆ విద్యను పరాకాష్ఠకు చేర్చిరి. అయినను స్త్రీ పాత్రకు స్త్రీయే తగునని రాఘవగారు నమ్మిరి. చదువుకొన్న కుటుంబముల స్త్రీలను నాటకమునకు ఆహ్వానించి, వారికి నటన నేర్పి, వారితో కలిసి రంగస్థలమునకు ఎక్కిరి. వారిలో కొమ్మూరి పద్మావతీదేవిగారు ముఖ్యులు. ఆ దినములలో గౌరవ కుటుంబమునకు చెందిన స్త్రీ పదిమంది ఎదుట నటించుట అన్న నిందను కొనితెచ్చుకొనుటయే. గురువు తన పేరును పూచీగా ఉంచనిచో శిష్యురాలు ఆ అడుగు వేయజాలదు. రాఘవగారు ఆ పూచీ వహించిరి.

మాటల నాటకమునకు తగిన రచనలు కావలెనుగదా! ఆ కొరతను తీర్చుటకు ముందుకు వచ్చినవారిలో పాకాల వేంకట రాజమన్నారుగారు ఒకరు. ఇంటిపేరు మా పొరుగు ఊరిది. ఆయన రచించిన తప్పెవరిది అను సాంఘిక నాటకమును రాఘవగారు ప్రదర్శించిరి. పద్యము లేదు, కిరీటము లేదు. మన ఇళ్లలోని భార్యాభర్తల కథ. ఈ రాజమన్నారుగారే తరువాత మదరాసు హైకోర్టునకు ప్రధాన న్యాయమూర్తియై, 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీకి తొలి అధ్యక్షులైరి.

1927లో గాంధీమహాత్ముడు అస్వస్థతచే నందికొండలపై విశ్రాంతి తీసికొనుచున్నపుడు రాఘవగారు దీనబంధు కబీరు అను హిందీ నాటకమును ఆయన ఎదుట ప్రదర్శించి మెప్పు పొందిరి. మరుసటి యేడు ఇంగ్లండునకు పోయి, అక్కడి నాటకశాలలను చూచి, బెర్నార్డ్ షాను కలిసికొనిరి. పడమటి దేశములలో నటులు క్రమశిక్షణతో విద్య నేర్చుట ఆయన కన్నులకు కట్టినది. తెలుగుదేశమున 1929లో తెనాలియందు స్థాపితమైన నాట్యకళా పరిషత్తుకును ఆయన చేయూత లభించినది.

చలనచిత్రములు వచ్చిన పిదప 1936లో ద్రౌపదీ మానసంరక్షణమున దుర్యోధనుడుగా నటించిరి. అదే కథతో అదే యేట వచ్చిన మరియొక చిత్రమునకే జనాదరణ లభించినది. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారి రైతుబిడ్డలో రైతుపాత్ర ధరించిరి. 1940లో చండికలో కనబడిరి. అంతటితో సరి. ఎదుట ప్రేక్షకుడు లేని అభినయము ఆయన మనసును కట్టివేయజాలలేదని ఈ కొద్ది చిత్రములే చెప్పుచున్నవి.

ఆ దుర్యోధనుని చిత్రమున శ్రీకృష్ణునిగా నటించిన బందా కనకలింగేశ్వరరావుగారు రాఘవగారి శిష్యులలో అగ్రగణ్యులు, ఆయనయు వకీలే. 1938లో ఏలూరున ప్రభాత్ థియేటరును స్థాపించి, గురువుగారి పద్ధతిని కొనసాగించిరి. పిమ్మట కూచిపూడి నాట్యమునకు పట్టిన నిరాదరణను తొలగింప పూనుకొని, ఆ గ్రామమున సిద్ధేంద్ర కళాక్షేత్రపు నిర్వహణయందు పాలుపంచుకొని, బాలబాలికలకు విద్య అందునట్లు చేసిరి. రాఘవగారు కట్టని పాఠశాలను శిష్యుడు మరియొక కళకు కట్టుట చూడగా, మంచి బోధన ఏ త్రోవన పోయి ఎక్కడ మొలకెత్తునో ఊహింప వశము కాదనిపించును.

1946వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన రాఘవగారు అస్తమించిరి. 1981లో తపాలాశాఖ ఆయన పేర స్మారక బిళ్లను వెలువరించినది. బళ్లారిలో ఆయన పేర నాటకమందిరమున్నది.

అయితే ఆయన తలపెట్టిన యుద్ధమున ఆయనయే గెలిచిరని చెప్పుట సత్యము కాదు. పద్యనాటకము చావలేదు. ఆయన తరువాత ఎన్నో దశాబ్దులు తెలుగు పల్లెలు హరిశ్చంద్రుని కాటిపద్యములకు, పడక సీను పద్యములకు రాత్రులు మేల్కొన్నవి. మా సీమలో భారతము నేటికిని ఆడుచునేయున్నారు. జనులు ప్రేమించుదానిని తప్పని త్రోసివేయలేము. నిజమునకు రాఘవగారి పోరు పాటమీద కాదు, అర్థము విడిచిన పాటమీద. అరుపుమీదనే గాని గొంతుమీద కాదు. మన వీథినాటకపు మంచి వేషగాడును, రాఘవగారును ఒకచోట కూర్చుండియున్నచో, తాను పలుకుచున్నదేమో ఎరిగిన నటుని ఇద్దరును మెచ్చుకొనియుందురు.

ఉపాధ్యాయ మిత్రులారా! ఈ యేడు మీ బడిలో నాటకము వేయింపబూనినపుడు మాటలు కంఠస్థము చేయించుటకు ముందు ఒక్క దినము ఊరక కూర్చుండి, పిల్లలతో కథను మాటలాడుడు. ద్రౌపది సభలో ప్రశ్నించినపుడు పెద్దలు ఏల తలలు వంచిరో మీరు చెప్పక, వారినే అడుగుడు. పదేండ్ల బాలుడు ఒక సమాధానము చెప్పును. పదునారేండ్ల బాలిక మరియొకటి చెప్పును. మీ గ్రామమున అరువదేండ్ల వేషగాడున్నచో అతనిని పిలిచి ఊపిరి నిలుపు విధమును పిల్లలకు చూపుమనుడు. మాటలను పిల్లలకు ఆ పిమ్మట ఈయుడు. అప్పుడు వారి గొంతు బొంగురుపోదు. మరునాడు అర్థమడిగినను తెల్లబోరు.