కలియుగ భీముడు కోడి రామమూర్తిగారు

సాయంకాలము మా మునగాల బాలురు ఆటస్థలమున తమలో నెవరు బలాఢ్యులని వాదులాడుకొనుచుండగా విన్నప్పుడెల్ల, మాకు కోడి రామమూర్తినాయుడుగారు జ్ఞప్తికి వత్తురు. వారి బలమును గూర్చి యెరుగనివారు తెలుగుదేశమున నరుదు. ఆ బలము తొలగిన పిమ్మటి వారి జీవితమును దలచువారు మాత్రము కొందరే. ఈ రెండును బాలబాలికలు తెలిసికొనదగినవని యెంచి యిచట వ్రాయుచున్నాము.

వారు 1880 తరువాతి సంవత్సరములలో ఉత్తరాంధ్రమందలి వీరఘట్టమున జన్మించిరి. పసితనముననే తల్లిని గోలుపోయి, విజయనగరమున పోలీసు ఉద్యోగియైన పినతండ్రి యొద్ద పెరిగిరి. అచట వారి మనస్సు చదువుకంటె వ్యాయామమునందే యెక్కువగా లగ్నమయ్యెను. పిమ్మట చెన్నపురి సైదాపేటలో వ్యాయామ శిక్షణము పొంది వచ్చి, విజయనగరమున డ్రిల్లుమాస్టరుగా పనిచేసిరి. లోకప్రసిద్ధుడైన మల్లుడు మొదట మావంటి బడిపంతులే!

తరువాత పొట్టి పంతులుగారి తోడ్పాటుతో సర్కసు కంపెనీ నెలకొల్పి దేశదేశములు తిరిగిరి. మేనికి చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి పూరించి తెంచుట, ఇరుచేతులకు గట్టిన మోటారుకార్లను కదలనీయకుండుట, రొమ్ముపై పలక వేయించుకొని యేనుగును నిలుపుట వారి ప్రదర్శనములు. చిన్నవారలారా, వీనిని మీరు యత్నింపరాదు! వాని వెనుక ఎన్నో యేండ్ల సాధనము, ఊపిరిని స్వాధీనపరచుకొను అభ్యాసము, శాకాహార నియమము గలవు. లండనులో ఐదవ జార్జి చక్రవర్తి దంపతుల యెదుట బలమును జూపి ఇండియన్ హెర్క్యులీసు అను బిరుదము నందిరి. మనవారు కలియుగ భీముడని కొనియాడిరి.

మల్లునకు రంగము విడువవలసిన దినము తప్పదు. అమెరికా ముష్టియోధుడు జీన్ టన్నీ 1928 జూలైలో టామ్ హీనీని జయించి, ప్రపంచ విజేతగా నుండగానే స్వేచ్ఛతో విరమించెను. రామమూర్తిగారికి అట్టి భాగ్యము లభింపలేదు. కాలిపుండు ముదిరి, ప్రాణరక్షణకై కాలు తీసివేయవలసి వచ్చెను. ఏనుగును మోసిన దేహమునకు కఱ్ఱ యాధారమయ్యెను. ప్రదర్శనములు ముగిసెను, ఆర్జించిన ధనము చాలవరకు దానధర్మములకే వ్యయమై యుండెను. ఒడిసాలోని బొలాంగీరు పట్నా సంస్థానమున తుదిదినములు గడపి, 1942 జనవరిలో దివంగతులైరి.

సమ్సోను కథ మన పిల్లలెల్లరు ఎరిగినదే. అతడు తనను తాను అదుపులో నుంచుకొనజాలక బలమును గోలుపోయెను. రామమూర్తిగారు నియమము తప్పినవారు కారు. అయినను బలము వారిని విడిచెను. కావున బలము పోవుట సర్వదా దోషఫలము కాదని, రోగిని, వికలాంగుని, వృద్ధుని చిన్నచూపు చూడరాదని మేము గ్రహింపవలసియున్నాము.

మరి మిగిలినదేమి? శ్రీకాకుళమున క్రీడాస్థలమునకు వారి పేరు గలదు. విశాఖ సముద్రతీరమున వారి విగ్రహము గలదు. వీనికంటె విలువైనది మరియొకటి గలదు. తెలుగు బాలుడును క్రమశిక్షణతో దేహమును తీర్చుకొనవచ్చునను ధైర్యమును వారు తరతరములకు నిచ్చిరి. డ్రిల్లు గంట వృథాకాలమని తలచు తలిదండ్రులు దీనిని యోచింపగోరెదము. దేహము దేవుడు మనకప్పగించిన సొత్తు. దానిని శుచిగా, దృఢముగా నుంచుకొందము. దాని బలమును బలహీనులకై వినియోగింతము. మరల అప్పగింపవలసిన దినమున గొణుగక అప్పగింతము.