ముందే తీర్పు చెప్పొద్దన్న మేరీ రిచ్మండ్

హాస్టల్ పిల్లలమనగానే కొందరు మన గురించి ఒక అంచనా వేసేసుకుంటారు. ఆ తర్వాత మనం ఏం చెప్పినా ఆ అంచనాతోనే వింటారు. సాయం చేసేవారికీ ఈ పొరపాటు జరుగుతుందని వందేళ్ల క్రితమే హెచ్చరించిన మేరీ రిచ్మండ్ గురించి మన మిత్రులకు చెప్పాలనుకున్నాం.

ఆమె 1861లో అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో జన్మించారు. చిన్నతనంలోనే తల్లిని కోల్పోయి, బాల్టిమోర్‌లో అమ్మమ్మ దగ్గర పెరిగారు. హైస్కూలుతోనే చదువు ఆగిపోయింది. గుమాస్తాగా, లెక్కలు రాసే ఉద్యోగిగా పనిచేశారు. 1889లో బాల్టిమోర్‌లోని ఒక సేవాసంస్థలో చేరి, రెండేళ్లకే దాని ప్రధాన కార్యదర్శి అయ్యారు.

ఆ రోజుల్లో కలిగినవారు పేదల ఇళ్లకు వెళ్లి సలహాలు చెప్పేవారు. వారికి దయ ఉండేది, శిక్షణ ఉండేది కాదు. అందుకే సమాజ సేవకులకూ శిక్షణ పాఠశాల కావాలని 1897లో ఆమె కోరారు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో వేసవి తరగతులు మొదలయ్యాయి. అవే పెరిగి నేటి కొలంబియా సోషల్ వర్క్ స్కూలు అయ్యాయి.

1917లో ఆమె రాసిన 'సోషల్ డయాగ్నసిస్' ఈ వృత్తికి మూలగ్రంథమైంది. మనిషి మాట వినాలి, కుటుంబాన్ని, బడిని, వైద్యుణ్ణి అడగాలి, తన సొంత అభిప్రాయం తనను దారి తప్పించకుండా కాచుకోవాలి అన్నది అందులోని సారం.

1928లో ఆమె కన్నుమూశారు. 1936లో బొంబాయిలోనూ అటువంటి శిక్షణ పాఠశాల వెలిసింది.

మనలో రేపు వార్డెన్లు, టీచర్లు, కౌన్సిలర్లు అయ్యేవారున్నారు. మన ముందుకు వచ్చే పిల్లవాడి మాట పూర్తిగా విన్నాకే ఒక అభిప్రాయానికి వద్దాం.