బోదకాలు బిళ్ల వెనుక మన భీమవరం మనిషి

బోదకాలు అంటే ఏమిటో మన డెల్టాలో ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు. కాలు బరువెక్కిన మనిషి నాటుమడిలో దిగలేడు. పని పోతుంది, కూలి పోతుంది, ఇల్లు అప్పుల పాలవుతుంది. ఆ జబ్బుకు మందు కనిపెట్టిన పరిశోధన వెనుక ఆకివీడు పక్కనే ఉన్న భీమవరంలో పుట్టిన మనిషి ఉన్నాడు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న పుట్టారు. ఇంట్లో లేమి. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఉండగా గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. దాంతో తెల్ల ప్రొఫెసరుకు కన్నెర్రయింది. చివరికి ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. మందుల పరిశోధన మీద పట్టుదల అక్కడే పుట్టింది.

1922లో కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో, మామగారి ఆసరాతో అమెరికా వెళ్లారు. అక్కడ పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాలు ఎత్తే పనీ చేశారు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండ కదలడానికి కావలసిన శక్తి ఎక్కడిదో తేల్చిన పరిశోధనలో ఆయన పాత్ర పెద్దది. అయినా హార్వర్డు ఆయనకు స్థిరమైన కొలువు ఇవ్వలేదు.

1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. ఆయన నడిపించిన బృందాల నుంచే 1945లో ఫోలిక్ ఆమ్లం తయారీ, 1947లో బోదకాలుకు హెట్రజాన్, 1948లో ఆరియోమైసిన్ వచ్చాయి. పిల్లల రక్త క్యాన్సరుకు డాక్టర్ ఫార్బర్ వాడిన అమినోప్టెరిన్ కూడా అక్కడిదే. ఆ ఏడాది ఆగస్టులోనే, 53 ఏళ్లకు, సుబ్బారావు కన్నుమూశారు. మళ్లీ స్వదేశం చూడనేలేదు.

ఇక్కడ మనం ఆలోచించవలసిన విషయం ఒకటుంది. మందు పుట్టింది పదిమంది బుర్ర, పదిమంది చేతి శ్రమతో. పేటెంటు మాత్రం కంపెనీది. వరి పండించిన కూలీకీ, ఆ గింజ మీద హక్కున్నవాడికీ ఉన్న తేడా ఇక్కడా ఉంది. 1970 పేటెంటు చట్టం మందు మీద పేటెంటును తీసేసి తయారీ పద్ధతికే పరిమితం చేశాక, మన దేశంలో చవక మందులు విరివిగా తయారయ్యాయి. 2005లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం పేరుతో ఆ కట్టడిని తిరిగి తెచ్చారు.

హెట్రజాన్‌కే మరో పేరు డి.ఇ.సి. 2004 నుంచి ప్రభుత్వం ఊళ్లలో ఉచితంగా పంచిన బిళ్ల అదే. ఒంట్లో తిరిగే పురుగు పిల్లల్ని చంపుతుంది, దోమ మోసుకుపోవడానికి ఏమీ మిగలనివ్వదు. కానీ ఒకసారి వాచి గట్టిపడ్డ కాలును మళ్లీ సన్నం చెయ్యదు. అందుకే వాపు రాకముందే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా మింగాలి.

మిగతా సగం పని బిళ్లది కాదు. ఆ దోమ మురుగు నీళ్లలో గుడ్లు పెడుతుంది. పేటల్లో మురుగు కాలువ తియ్యమని పంచాయతీని అడగాల్సింది మనమే. శాస్త్రం మందు చేసి ఇచ్చింది. దాన్ని పేదవాడి గుమ్మం దాకా తెచ్చేది సంఘబలమే.