హాకీ కెప్టెన్ – ఆదివాసుల గొంతు: జైపాల్ సింగ్ ముండా

హాకీ అనగానే ధ్యాన్‌చంద్ పేరు అందరం చెప్తాం. కాని 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ధ్యాన్‌చంద్ ఆడిన మన జట్టుకి కెప్టెన్ ఎవరని అడిగితే చాలామందిమి తెల్లమొహం వేస్తాం. ఆ కెప్టెనే జైపాల్ సింగ్ ముండా.

ఆయన 1903 జనవరి 3న రాంచీకి దగ్గరలో, ఇప్పటి ఖూంటీ జిల్లాలోని టక్రా అనే ముండా పల్లెలో జన్మించారు. రాంచీ సెయింట్ పాల్స్ స్కూల్లో చదువుతుంటే ఆ కుర్రవాడి చురుకుదనం చూసి ప్రిన్సిపాలుగారు ఇంగ్లండు తీసుకెళ్ళారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన అర్థశాస్త్రం చదివారు, హాకీలో విశ్వవిద్యాలయం జట్టుకి ఆడి 'బ్లూ' గౌరవం పొందారు. ఆపైన ఐ.సి.ఎస్.కి కూడా ఎంపికయ్యారు. ఆ రోజుల్లో ఐ.సి.ఎస్. అంటే మాటలా! ఇంటిల్లిపాదికీ కొన్ని తరాల దాకా చింత లేనట్టే.

సరిగ్గా అప్పుడే ఒలింపిక్స్ జట్టుకి నాయకత్వం వహించమని పిలుపు వచ్చింది. సెలవు అడిగితే పైవాళ్ళు కుదరదన్నారు. ఆయన సెలవు లేకుండానే ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళారు. ఆ పోటీల్లో మన జట్టు 5 మ్యాచ్‌లాడి 29 గోల్స్ చేసింది, ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. హాకీలో మన దేశానికి అదే మొదటి ఒలింపిక్ స్వర్ణం. అయితే జట్టులో తలెత్తిన విభేదాల వల్ల జైపాల్ ఫైనల్ మ్యాచ్ ఆడలేదు. తర్వాత ఐ.సి.ఎస్.ని కూడా వదులుకున్నారు.

అంటే ఇటు ఉద్యోగమూ లేదు, అటు ఫైనల్ గెలిచిన సంబరమూ లేదు. ఇంకొకరైతే అక్కడే కుంగిపోయేవారు. ఆయన ఆఫ్రికాలో ఘనా దేశపు అచిమోటా కాలేజీలోను, తర్వాత రాయపూర్ రాజకుమార్ కాలేజీలోను పాఠాలు చెప్పారు. చివరికి తన వాళ్ళ మధ్యకే తిరిగి వచ్చారు. 1939లో ఆదివాసీ మహాసభకి అధ్యక్షులయ్యారు.

1946లో రాజ్యాంగ సభలో ప్రవేశించి, ప్రజాస్వామ్యాన్ని ఆదివాసులకి కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదనీ, వాళ్ళ నుంచే మిగతావాళ్ళు నేర్చుకోవాలనీ నిర్భయంగా చెప్పారు. తన ప్రజల్ని 'ఆదివాసి' అనే పేరుతోనే గుర్తించాలని పట్టుబట్టారు. రాజ్యాంగంలో ఆ పేరు రాలేదు. ఆయన స్థాపించిన జార్ఖండ్ పార్టీ 1952 ఎన్నికల్లో బీహారు శాసనసభలో ప్రధాన ప్రతిపక్షమైంది. కాని ప్రత్యేక రాష్ట్రం మాత్రం చేతికందలేదు. 1963లో పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. ఆ నిర్ణయం ఆయన్ని నమ్ముకున్న ఎందరికో బాధ కలిగించింది. మహనీయుల జీవితం రాసేటప్పుడు ఇటువంటివి దాచడం న్యాయం కాదు.

1970 మార్చి 20న ఆయన కన్నుమూశారు. ఆయన కోరిన జార్ఖండ్ రాష్ట్రం మరో 30 ఏళ్ళకి, 2000 నవంబరు 15న ఏర్పడింది.

ఆటలాడితే చదువు చెడుతుందని మన ఇళ్ళల్లో పెద్దలంటూ ఉంటారు. జైపాల్ సింగ్‌కి చదువూ చెడలేదు, ఆటా చెడలేదు. ఫైనల్ ఆడలేకపోయిన ఆ కెప్టెన్, ఆ తర్వాత 30 ఏళ్ళకి పైగా తన ప్రజల పక్షాన మైదానం వదలకుండా నిలబడ్డారు. గెలుపు ఓటముల లెక్క ఎలా ఉన్నా, కాలేజీ మైదానంలో మనం నేర్చుకోవలసింది ఆ నిలకడే!